ఏడో నంబరు పట్టీ

"కడుపునొప్పి అని ఒక్క మాట చెప్పలేవా తల్లీ! నీ ప్రాణమేమన్నా అడుగుతున్నామా!"

అత్తగారు కోడలి కుట్టుమిషను మీదే తలవాల్చి బావురుమంది. కింద నలుగుతున్నది రేపటికి ఇవ్వాల్సిన జాకెట్టు. కోడలు ఆ గుడ్డనే మెల్లగా లాక్కుంది.

భర్త అంబులెన్సు డ్రైవరు. వీధిలో అందరూ అతన్ని సైరన్ అంటారు. సెలవురోజున ఊరి చివర పెద్దరోడ్డు మీద బైకు పందెంలో పోలీసులకు దొరికిపోయాడు. ఇప్పుడా సైరన్ నోరు పడిపోయినట్టు గోడకానుకుని కూర్చుంది!

"చూడమ్మా," అన్నాడు ఎదురుగా కూర్చున్న వాళ్ళ వకీలు, "జోరుగా నడపడం వేరు, పందెం వేసుకుని నడపడం వేరు. జోరుకైతే జరిమానాతో సరి. పందెమని తేలితే లైసెన్సు పోతుంది, జైలు కూడా పడొచ్చు. ముందే అనుకుని పరుగెత్తారని వాళ్ళు రుజువు చెయ్యాలి. చేతులకేవో గుడ్డలు కట్టుకున్నారంటారు, అలాంటివి బజార్లో బోలెడు. నీకు నొప్పని తెలిసి ఇంటికొస్తున్నాడని మనం చెబుదాం."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. నిరుడు నిజంగానే నొప్పితో మెలికలు తిరిగింది... మూడుసార్లు ఫోను చేసింది... "డ్యూటీలో ఉన్నాను, సాయంత్రం చూద్దాంలే" అన్నాడు. ఊరందరి నొప్పికీ పరుగెత్తే మనిషి! ఆ సాయంత్రానికి కడుపులో బిడ్డ మిగల్లేదు...

"వచ్చిన నొప్పికి రాని మనిషి, లేని నొప్పికి వచ్చాడని చెప్పాలా అత్తయ్యా!"

"లైసెన్సు పోతే వాడి బతుకేం కావాలే!" అంది అత్తగారు.

ఆ ఒక్క మాటకే ఆమె ఒప్పుకుంది.

కోర్టులో బోనెక్కి, "అవునండి... ఆ రోజు నాకు నొప్పి..." అంది. ప్రభుత్వ వకీలు చిన్న సంచిలోంచి ఎర్రపట్టీ ఒకటి తీశాడు. మీద తెల్లగుడ్డతో ఏడు అంకె.

"మీ ఆయన చేతికున్నది. ఇదేమిటో మీకు తెలుసా?"

ఆమె అందుకుంది. ఏ గుడ్డ చేతికొచ్చినా తిరగేసి అంచు చూడటం ఆమెకు అలవాటు. చూసింది. మూలన దారం కొస వేలాడుతోంది.

"అయ్యో, ఇది కత్తిరించడం మర్చిపోయానే!" అంది. "రక్తదాన శిబిరానికని ఈయన కుట్టించుకున్నారండి. పన్నెండు కుట్టాను, ఒకటి నుంచి..."

అక్కడ ఆగిపోయింది. తమ వకీలు నుదురు పట్టుకున్నాడు. అత్తగారు నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది. తన చేతి కుట్టే తన మొగుణ్ణి పట్టించింది!

"ఆమెకేం తెలీదు సార్!" భర్త లేచి నిలబడ్డాడు. "పందెమే! పట్టీల గురించి అబద్ధం చెప్పింది నేను. నొప్పి మాట కూడా మేం చెప్పించిందే. నిజంగా నొప్పొచ్చి పిలిచినప్పుడు... నేను వెళ్ళలేదు సార్..."

ఎవరికీ దెబ్బ తగలలేదనీ, తనంతట తానే ఒప్పుకున్నాడనీ జైలు తప్పించారు. లైసెన్సు మాత్రం రెండేళ్ళు లేదు. అంబులెన్సు తాళాలు మర్నాడే వేరే మనిషికిచ్చేశారు.

"వెతికి వెతికి దారం కొస చూశావు కదే!" అని అత్తగారు అలిగి గోడవైపు తిరిగి పడుకుంది. భర్త గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే ఆమెకు చిరాకు నెత్తికెక్కింది. కుట్టు తప్పిన జాకెట్టొకటి అతని మీదికి విసిరి, కుట్లు విప్పే కత్తి చేతికిచ్చింది.

"విప్పండి."

అతను ఒక్క గుంజు గుంజాడు. గుడ్డ పర్రుమంది.

"మెల్లగా! ఒక్కొక్క కుట్టే! అన్నిటికీ ఆ తొందరేమిటండీ!" అని అరిచేసింది.

అతను తలవంచుకున్నాడు. ఒకటి... ఇంకొకటి... చాలాసేపటికి, తలెత్తకుండానే అడిగాడు.

"ఆ రోజు... బాగా నొప్పేసిందా?"

మిషను ఆగింది. ఏడాదిగా ఎవరూ అడగని మాట...

"వేసింది," అంది.

మళ్ళీ తొక్కుదామనుకుంది గానీ, సూది మసకగా కనబడుతోంది. అతను చేతిలోది పక్కన పెట్టబోయాడు.

"ఆపకండి," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ, "ఇంకా చాలా ఉన్నాయి విప్పాల్సినవి."