ఫిడేలు కడుపులో పాడెకట్టె

వైశాఖ అమావాస్య... మిట్టమధ్యాహ్నం! ప్రేతాలకు అర్ధరాత్రి ఎలాగో మిట్టమధ్యాహ్నమూ అలాగేనని ఎరిగినవాళ్ళు ఆ వేళ గడప దాటరు. ప్రచండ మార్తాండుడు నిప్పులు చెరుగుతున్నాడు. మేడ్చల్ వైపు ఆకాశంలో మాత్రం ఒక కారుమేఘం, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు, మెల్లగా ముందుకు కదులుతోంది...

శామీర్‌పేట దాటాక కోర్టు గొడవల్లో ఆగిపోయిన ఒక వెంచర్. అందులో తలుపుల్లేని విల్లా. పసుపు కుంకుమలతో వేసిన ముగ్గు నడుమ ఒక కపాలం! దాని కంటిగుంటల్లో దీపాలు గాలి లేకుండానే అల్లాడుతున్నాయి. కపాలం వెనుక క్షుద్రోపాసకుడు భైరయ్య. ఎదురుగా చెమటలు కక్కుతూ దేవేందర్.

"ఎవరి మీద?" అన్నాడు భైరయ్య.

"యమున మీద."

"ఏం జేసింది?"

నిజానికి ఆ పిల్ల దేవేందర్‌కు ఏ అపకారమూ చేయలేదు. అదే అతని కడుపుమంట.

పాత వాద్యాలు బాగుచేసే జనార్ధన్ దగ్గర ఇరవయ్యేళ్ళుగా పని చేస్తున్నాడు దేవేందర్. ఇన్నేళ్ళలో ఆ పెద్దమనిషి నోటి నుంచి "బాగుంది" అన్న ఒక్క మాట వినలేదు. చెరువులో చేపలు పట్టే ఇంటి నుంచి వచ్చిన యమున పని నేర్చుకుని మూడేళ్ళు కాలేదు. నిరుడు వానలకు జనార్ధన్ ఇంటి దూలం విరిగి, ఆయన తాతల నాటి ఫిడేలు మీద పడింది. పై పలక పగిలింది, మెడ ఊడింది. చూపు ఆనని జనార్ధన్ ఆ ముక్కలను తడిమి తడిమి, చివరికి యమున ఒళ్ళో పెట్టాడు. పక్కనే ఉన్న దేవేందర్‌ను పిలవనైనా లేదు. ఆ రోజు నుంచి అతనికి అన్నం సయించలేదు. బాగైన ఆ ఫిడేలును యమున ఇవాళ సాయంత్రమే మొదటిసారి మోగించబోతోంది.

ఇదంతా విని భైరయ్య వికృతంగా నవ్వి ఒక వెదురు ముక్క తీశాడు.

"ఇది పాడెకట్టె. మంచిగ పాడే ఆడమనిషిని మోసింది. దాని ప్రేతాన్ని ఏండ్ల సంది నా కపాలంల కట్టేసిన. గీ ముక్కను ఆ ఫిడేలు కడుపుల నిలబెట్టు. రెండు కొసలకు జిగురు పెట్టు, మరువకు. జిగురే బంధనం. పొద్దుగూకినంక మొదలు ఎవరు మోగిస్తే వాళ్ళ పానం తీస్తది. ప్రేతాన్ని మల్ల తీస్కపోను నేనే వస్త."

హ్రీంకారాలతో గోడలు మార్మోగాయి... వెదురు ముక్క దేవేందర్ అరచేతిలో చల్లగా, తడిగా, బతికున్నట్టు కదిలింది!

అతను పనిగదికి వచ్చేసరికి యమున అన్నం తినడానికి ఇంటికి వెళ్ళింది. లోపల జనార్ధన్ నిద్రపోతున్నాడు. బల్ల మీద ఫిడేలు. దేవేందర్ దాన్ని వెలుతురులోకి తిప్పి చూశాడు. పగిలిన చోటు ఎక్కడుందో కనబడలేదు! గోటితో గీరి చూశాడు, గోటికీ అందలేదు. తాను అతికించి ఉంటే కనీసం గీత కనబడేది. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకుండా అతనికే తెలిసింది.

ఫిడేలు లోపల పై పలకకూ కింది పలకకూ నడుమ చిటికెనవేలంత కర్ర ఒకటి నిలబడి ఉంటుంది. జనార్ధన్ దాన్ని గుంజ అనేవాడు. తీగల నాదం కడుపులోకి దిగేది ఆ గుంజ గుండానే. దేవేందర్ తీగలు వదులు చేసి, యమున పెట్టిన గుంజను లాగేశాడు. పాడెకట్టెను నున్నగా చెక్కి కొలతకు కోశాడు. కుంపటి మీద తోలుజిగురు వెచ్చగా ఉంది. కుంచె ముంచాడు...

చెయ్యి ఆగిపోయింది.

గుంజకు జిగురు పెట్టరు. అది తీగల బిగింపుకే నిలబడాలి. అతికిస్తే నాదం గొంతు పిసికినట్టవుతుంది. పనిలో చేరిన మొదటి రోజు నేర్చుకున్న పాఠం అది. ఒక పిల్ల ప్రాణం తీయడానికి సిద్ధపడ్డ మనిషికి ఒక ఫిడేలును చెడగొట్టడానికి మనసొప్పలేదు! ఎట్లాగూ బిగింపుకు నిలుస్తుంది కదా, ఇంకేం కావాలని తనకు తానే సర్దిచెప్పుకుని కుంచె పక్కన పెట్టాడు. ఆపైన పాడెకట్టెను వెంట్రుకవాసి ఇటూ అటూ జరిపి, తన జన్మలో ఎన్నడూ నిలబెట్టనంత నిటారుగా నిలబెట్టి, తీగలు మళ్ళీ బిగించాడు.

సాయంసంధ్య... కారుమేఘం ఊరంతా కమ్మింది. ఉరుములు! నీలగిరి చెట్టు మీద గుడ్లగూబ ఒకటి ఘూత్కారం చేసింది. జనార్ధన్ కుర్చీలో చెవి ఒగ్గి కూర్చున్నాడు. యమున దీపం వెలిగించి, ఫిడేలూ కమానూ చేతికి తీసుకుని, ఏమనుకుందో, దేవేందర్ వైపు చాచింది.

"అన్నా, మొదలు నువ్వు మోగియ్యి. పెద్దోనివి నువ్వే గద."

ఏళ్ళ తరబడి దేవేందర్ ఏ గౌరవం కోసం మొహం వాచాడో అది ఎదురుగా వచ్చి నిలబడింది. తీసుకుంటే చావు!

"నీ చేతి పని. నువ్వే మోగియ్యి," అన్నాడు తల దించుకుని.

అది అతని మంచితనమనుకుని యమున వంగి అతని కాళ్ళకు దండం పెట్టింది.

కమాను తీగకు తగిలింది...

అబ్బ, ఏం నాదం అది! గోడలు కరిగినట్టయింది. మరుక్షణం యమున జుట్టు విడివడింది. కనుగుడ్లు పైకి తేలాయి. ఆమె కంఠంలోంచి ఆమెది కాని గొంతు, ఎన్నో ఏళ్ళ దాహంతో ఎండిన గొంతు పలికింది.

"ఎవడు నన్ను ఈడ నిలబెట్టింది?"

దేవేందర్ గోడకు అతుక్కుపోయాడు. అంతలో కపాలం చంకన పెట్టుకుని భైరయ్య గుమ్మంలోకి అడుగుపెట్టాడు.

"దాని పానం తీసి రాయే, జల్దీ," అని గద్దించాడు.

యమున నవ్వింది. ఆ నవ్వుకు దీపం ఆరిపోయింది! "ఎట్ల పిలుస్తవ్‌రా? నన్ను కట్టెయ్యలేదు ఎవ్వరు."

భైరయ్య మొహం పాలిపోయింది. దేవేందర్ వైపు తిరిగాడు. "జిగురు పెట్టమంటి గదరా! పెట్టలేదా?"

"గుంజకు... జిగురు పెట్టరు," అన్నాడు దేవేందర్, ఏడుపు గొంతుతో.

కమాను రెండోసారి కదిలింది. అది స్వరం కాదు, ఏళ్ళ చెర తెగిన మోత! కపాలం ఫెళ్ళున పగిలింది. భైరయ్య ఆర్తనాదం పిడుగు చప్పుడులో కలిసిపోయింది... మెరుపు వెలిగి ఆరేసరికి గడప దగ్గర అతను లేడు. గుప్పెడు బూడిద ఉంది. వాన జల్లు లోపలికి కొట్టి దాన్నీ కడిగేసింది.

ఫిడేలును మెల్లగా బల్ల మీద పెట్టి, ప్రేతం విడిచిపోవడంతో యమున స్పృహ తప్పి ఒరిగింది. దేవేందర్ ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి ఆడుతోంది. అతని ఒళ్ళంతా ఒక్కసారి సడలింది.

జనార్ధన్ కుర్చీలోంచి కదలలేదు. చూపు ఆనదు గానీ, ఆయన చెవిన పడని మాట లేదు.

"దేవేందర్."

"సార్."

"మస్తు నిలబెట్టినవ్ రా గుంజ. నేను గూడ గట్ల నిలబెట్టలే ఎన్నడు."

జనార్ధన్ మొహం వాన చప్పుడు వైపు తిప్పుకున్నాడు.

"ఇగ ఈ గడప తొక్కకు."

దేవేందర్ చెప్పులు వేసుకుని వానలోకి నడిచాడు. మొదటి మాటకే గుండె పొంగిపోయి, కళ్ళ నీళ్ళతో నవ్వుకుంటూ పోతున్నాడు. రెండో మాట గేటు దాటిన తర్వాత గానీ అతని చెవికెక్కలేదు.