మళ్ళీ నొక్కమ్మా

శనివారం పొద్దున్నే కాఫీ గ్లాసులు పెడుతూ లీలారాణి తేల్చి చెప్పేసింది. "మధ్యాహ్నం పాత సామానోడొస్తాడు. ఆ డబ్బా ఇంక ఇంట్లో ఉండకూడదు."

ఆ డబ్బా ఆమె భర్త ఏసుదానం పాత కంప్యూటరు. ముప్పై ఏళ్ల కిందట, రాజాంలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన రోజుల్లో ముచ్చటపడి కొన్నాడు. టీవీకి తగిలిస్తే పనిచేసేది. ఇప్పుడు దాని కీబోర్డు పోయింది, ఆయనకి చూపూ ఆనడం లేదు. "ఒక్కపాలి ఆడించు తల్లీ, తర్వాత ఇచ్చేద్దాం," అని కూతురు షీబాని బతిమాలుకున్నాడు.

షీబా గరివిడి ఫ్యాక్టరీలో ఇంజనీరు. అదెంత పని అనుకుంది. కీబోర్డు విప్పి, చిరిగిన ప్లాస్టిక్ పట్టీ తీసేసింది. అది తగిలించే చోట పదమూడు పిన్నులున్నాయి. ఏ రెండు కలిస్తే ఏ అక్షరమో వైరు ముక్కతో తాకించి రాసుకోసాగింది. అక్షరం రావాల్సిన చోట టీవీలో ఓ పూర్తి మాట వచ్చి కూర్చుంది. మళ్ళీ అవే కలిపితే ఉత్త అక్షరం. పదకొండైనా సంగతి తేలలేదు.

"అమ్మా, ఈ ఫోన్లో మాట రికార్డు సేసి ఎలా పంపాలన్నావు?" ఏసుదానం మూడోసారి అడిగాడు.

"ఎన్నిసార్లు సెప్పాలి నానా? నీ బుర్రకెక్కదా?"

ఆయన ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. లీలారాణికి ఒళ్లు మండిపోయింది.

"ఏటే ఆ మాట? నువ్వు ఇంజనీరువైతే మీ నానకి బుర్ర లేదా? పొద్దుట్నుంచీ తీగలతో కుస్తీ పడతన్నావు, ఆయన్నొక మాట అడిగేవా?"

షీబా తల వంచుకుని, టీవీలో వచ్చిందేమిటో చెప్పింది. ఆయన నవ్వేశాడు.

"లైను మొదట్లో నొక్కితే మాటే వస్తాదమ్మా. తర్వాతే అక్షరం. జె నొక్కి సూడు, లోడ్ అని వస్తాది. దీని ప్రోగ్రాములు క్యాసెట్లోంచే ఎక్కుతాయి. బీరువాలో నే రాసిందొకటున్నాది, టేపు రికార్డర్లో ఎట్టి దీనికి తగిలించు."

అరగంటలో అక్షరాలన్నీ దొరికాయి. టేపు రికార్డరు కాసేపు కీచుమని ఆగింది. తెర మీద పెద్ద 'బి' వచ్చింది. దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు: 'షీబా, ఇది నొక్కు.'

నాన్న ఇది రాసిననాటికి ఆమెకి నాలుగేళ్లు. ఏబీసీడీలు తనంతట తనే నేర్చుకున్నానని ఇన్నాళ్లూ అందరి దగ్గరా గొప్పలు పోయింది. వైరు జారి వేరే పిన్నుకి తగిలింది.

'పర్వాలేదమ్మా, మళ్ళీ నొక్కు.'

ఈసారి కావాలనే తప్పు నొక్కింది. అదే మాట. పదిసార్లు నొక్కినా అదే మాట.

"ఏటొచ్చిందమ్మా?" ఆత్రంగా అడిగాడు ఏసుదానం.

ఆమె చదివి వినిపించింది. ఇంత ఓపికతో నేర్పిన మనిషినా తను పొద్దున అంత మాటంది! ఆయన చేతులు రెండూ కళ్లకద్దుకుంది.

గేటు దగ్గర సామానువాడు కేకేశాడు. "ఏటీ లేదు, ఎల్లు బాబూ," అని లీలారాణే పంపేసింది, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

"ఫోనిలా తే నానా. ఇదిగో, ఈ గుండ్రటిది నొక్కి పట్టుకుని మాట్లాడు."

"అయ్యో, ఏలు జారిపోనాది తల్లీ."

"పర్వాలేదు నానా, మళ్ళీ నొక్కు."