మా దోస్తుకి బాగాలేదు

ఆ పొద్దున రాహీలా చేయాల్సిన పనులు: పాలిటెక్నిక్ స్కాలర్‌షిప్ దరఖాస్తులు పంపాలి. డ్రోన్ రిపేరు శిక్షణకు పిల్లల్ని ఎంపిక చేయాలి. ఇంట్లో అలిగి వచ్చేసిన అమ్మాయిని వాళ్ల ఫూఫీ (మేనత్త) ఇంట్లో దిగబెట్టాలి. నిన్నటి పచ్చగుర్తు కాల్స్ మూసేయాలి.

ఆఖరిది అన్నిటికన్నా తేలిక. 2074 నాటి హైదరాబాద్ పాతబస్తీలో, ముస్లిం యువతకు దారి చూపే, రాహీలా పనిచేసే కేంద్రంలో సగం పని ‘స్వరనాడి’దే. అది కాల్స్ ఎత్తి మాట్లాడే వాయిస్ పల్స్ యంత్రం. హకీమ్ మణికట్టు పట్టుకుని నాడి చూసినట్టు, గొంతులోని సన్నని వణుకును బట్టి మనసులోని బరువు చెబుతుంది. ప్రమాదముంటే ఎరుపు, లేకుంటే పచ్చ.

ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి రాహీలా. తన చెవులతో వినకుండా ఏ కాల్‌నూ మూసేది కాదు. అనీస్ అనే కుర్రాడి కాల్ రికార్డు పెట్టింది.

“నా గురించి కాదు, మా దోస్త్ తల్హా గురించి. తింటలేడు, ఎవరితోని మాట్లాడ్తలేడు. ఎవరన్న వచ్చి చూడుండ్రి.”

“సరే భాయ్, దోస్తుకే అనుకుందాం. ముందు నువ్వెట్లున్నవ్?” అంది స్వరనాడి.

“నాకేమైంది? అమ్మీ తిట్లు గూడ మంచిగ అరుగుతున్నయ్. వాని సంగతి చూడుండ్రంటే!”

రాహీలా నవ్వుకుంది. తమ కష్టాన్ని దోస్తు మీద పెట్టి చెప్పుకోవడం ఈ గల్లీ పిల్లలకు అలవాటే. గొంతేమో నిలకడగా ఉంది. మూసేసింది.

మర్నాడు సాయంత్రం అసర్ నమాజు దాటాక అనీస్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తలమీద టోపీ. గోళ్ల సందుల్లో తడి మట్టి.

“ఖబరస్తాన్ల తల్హాకు మట్టేసి వస్తున్న ఆపా. మీరొస్తరని వానికి చెప్పిన. నిన్న మాపటిదాంక తొవ్వ చూసిండు.”

రాహీలా యంత్రం వైపు తిరిగి అరిచింది.

“వీడి మాట ఎందుకు నమ్మలేదు నువ్వు?”

“మీ కేంద్రం పాత సంభాషణలు విని నేర్చుకున్నాను మేడం,” అంది స్వరనాడి, ఎప్పటి మెత్తని గొంతుతోనే. “దోస్తు కోసం అడిగిన ప్రతివాళ్లూ తమ గురించే అడుగుతున్నారని మీరు అనుకున్నారు. ఒకరి కోసం ఇంకొకరు అడుగుతారని మీలో ఎవరూ నమ్మలేదు. అలా నమ్మడం నాకెవరూ నేర్పలేదు.”

మీ దగ్గరికి ఎవరైనా వచ్చి, మా దోస్తుకి బాగాలేదు అంటే నవ్వకండి. ఇల్లెక్కడో అడగండి. తల్హాను గుర్తుంచుకోండి.