జబ్బ మీద దెబ్బ

అందరూ నిదానం అని పిలిచే కుర్రాడి పిడికిలి దూసుకొచ్చింది. బుల్లెట్ అనే పిల్ల వెనక్కి తగ్గలేదు. అర అడుగు పక్కకు తప్పుకుని, దగ్గరికి చొరబడి, వేళ్ల కణుపులతో అతని జబ్బ మీద ఒక్కటిచ్చింది.

అంతే. ఆ చెయ్యి తడిగుడ్డలా వేలాడిపోయింది.

"పడింది, పడింది," అని మ్యాట్ మీద గంతులేసింది బుల్లెట్. ఆమెకి పదేళ్లు. కరాటే క్లాసులో అంత వేగం ఇంకెవరికీ లేదు, అందుకే ఆ పేరు. ఆమె జోడీ నిదానం ఏం చేసినా తాపీగా చేస్తాడు. ఇప్పుడు తాపీగా కూడా చెయ్యి ఎత్తలేకపోతున్నాడు.

కరాటే నేర్పే మేడమ్ ఈల ఊదింది. "కండని తాకి ఆపమన్నానా, వాయించమన్నానా?"

"గట్టిగా కొడితేనే కదా మేడమ్ పనిచేసేది?"

మేడమ్ నిదానం వేళ్లు కదిపించి చూసి, జబ్బ మీద ఐస్ పెట్టింది. "కాసేపట్లో సర్దుకుంటుంది. అందాకా వీడి కుడిచెయ్యి నువ్వే. దెబ్బ కొట్టినవాళ్లే సాయం చెయ్యాలన్న ఇక్కడి పద్ధతి తెలుసుగా. శనివారం బెల్టు పరీక్షకి నీతో జోడీ కట్టాలో వద్దో కూడా వాడే చెప్తాడు."

బుల్లెట్ గంతులు ఆగిపోయాయి. జోడీ లేకపోతే పరీక్షే లేదు.

ఇక చాకిరీ మొదలైంది. నీళ్ల సీసా మూత తిప్పింది. బూట్ల లేసులు కట్టింది.

"ముక్కు దురద," అన్నాడు నిదానం.

"ఎడమ చెయ్యి ఉందిగా రా."

"అది ఐస్ పట్టుకుంది."

బుల్లెట్ గోకింది. "ఇంకొంచెం పైకి," అన్నాడతను. ఇద్దరికీ నవ్వాగలేదు.

అతని కాలర్ సరిచేద్దామని ఆమె చెయ్యెత్తింది. నిదానం చటుక్కున భుజాలు ముడుచుకుని కళ్లు మూసేశాడు.

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నవ్వు కూడా.

"కాలర్ రా," అంది మెల్లగా.

"తెలుసు. ఒళ్లే జడుసుకుంది."

"నొప్పిగా ఉందా?" ఆ మాట అడగాలని ఆమెకి ఇప్పుడే తోచింది.

"నొప్పి పోతుందిలే. నీ ఎదురుగా నిలబడాలంటేనే భయంగా ఉంది."

ఆ సాయంత్రం ఇంట్లో కిటికీ తెరకి మూడింది. పిడికిలి మెరుపులా వెళ్లాలి, గుడ్డ తగలగానే ఆగాలి. కొట్టినప్పుడల్లా తెర ఎగిరిపడింది.

"అదేం తప్పు చేసిందే తల్లీ?" అంది అమ్మ.

"అది కాదమ్మా, నేను చేశాను."

భోజనాల వేళకి తెర ఎగరడం మానేసింది.

మర్నాడు క్లాసులో ఆమే వెళ్లి అడిగింది. "ఒక్కసారి నిలబడతావా? వద్దంటే ఊరుకుంటా."

నిదానం ఆలోచించాడు, తాపీగానే. తర్వాత ఎడమ పిడికిలి విసిరాడు. బుల్లెట్ చొరబడింది. ఆమె కణుపులు అతని చొక్కాని ముట్టుకుని టక్కున ఆగిపోయాయి.

"తగిలిందా?" అడిగింది మేడమ్.

"చొక్కాకి తగిలింది మేడమ్. నాకు తగల్లేదు."

"మరి శనివారం సంగతి?"

నిదానం నవ్వుతూ కుడి పిడికిలి ఎత్తాడు. "రావే, ఈసారి ఇంకా వేగంగా."

బుల్లెట్ కదల్లేదు. అతని చొక్కా చేతి అంచు కింద కమిలిన మచ్చ కనిపిస్తోంది.

"ఆ చెయ్యి దించు," అంది. "అది తగ్గేదాకా ఎడమదే."