వాసన లేని పీపా

"డియోడరెంటా సార్?"

ఏజెంట్ గద్ద విసుగు దాచుకోలేదు. క్షిపణుల కేసిస్తారని గడ్డం కూడా పెంచాడు. పైగా జలుబు, ముక్కు పూర్తిగా మూసుకుపోయింది.

"మగవాళ్ళ డియోడరెంటే," అన్నాడు చీఫ్. "ఆ బ్రాండ్ పుట్టింది సైన్యం ల్యాబ్‌లో. శత్రువుల కుక్కలు మనవాళ్ళ చెమట పసిగట్టకుండా పటిక, జింక్, ఆల్కహాల్ కలిపి చేశారు. యుద్ధం అయ్యాక గంధం, నిమ్మ చేర్చి బజార్లో అమ్మారు. సైన్యానికి మాత్రం ఇప్పటికీ వాసన లేని సరుకే వెళ్తుంది. అందులో విదేశీ ముఠా ఓ మందు కలపబోతోంది. మనుషులకి తెలీదు, కుక్కలకి మైలు దూరం నుంచే తెలుస్తుంది. ఇవాళ్టి పీపా సరిహద్దు దాటే దళానికి."

గద్ద వెంటనే లేచాడు. ఆ దళంలో అతని తమ్ముడున్నాడు.

పీపాలు కడిగేవాడి వేషంలో ఫ్యాక్టరీకెళ్ళాడు. బొత్తాం కెమెరా తడిసి చచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, సూపర్‌వైజర్ తలుపు దగ్గరే జలుబు మందు లాక్కున్నాడు.

"వాసనొచ్చేది ఏదీ లోపలికి రాకూడదు! సబ్బుతో స్నానం చేశావా? పో, మళ్ళీ నీళ్ళు పోసుకునిరా!"

టెస్టింగ్ గదిలో మన గూఢచారిణి 'నెమలి' ఉంది. తెల్లకోటులోనూ సినిమాతారలా మెరుస్తోంది.

"వానొచ్చేలా ఉంది," కోడ్ చెప్పాడు గద్ద.

"గొడుగు ఇంట్లో మర్చిపోయాను," నవ్విందామె. "ఆ ముసలి కెమిస్ట్ మీద కన్నేయండి. దొంగ ఆయనే."

పొద్దంతా ముసలాయన్నే కాచాడు. ఆయన శాంపిల్ వాసన చూస్తాడు. ముక్కు తేరుకోవడానికి తన మోచేతి మడత వాసన చూసుకుంటాడు. మళ్ళీ శాంపిల్. అంతే. తమ్ముడి ప్రాణాల మీదికొస్తే తనిక్కడ ఓ ముసలాయన మోచెయ్యి చూస్తూ కూర్చున్నాడు! గద్దకి ఏడుపొక్కటే తక్కువ.

పీపాకి మూత బిగించే వేళకి చివరి పరీక్షకంటూ నెమలి వచ్చింది. శాంపిల్ చూసి, ముక్కు తేరుకోవడానికన్నట్టు జేబులోంచి కాఫీ గింజల డబ్బా తీసింది.

సబ్బు వాసనే పనికిరాని గదిలో కాఫీయా? అందరికీ మోచెయ్యి చాలినప్పుడు ఈవిడకెందుకు చాలదు? కంచే చేను మేస్తోంది!

గద్ద ఒక్క దూకు దూకాడు. పీపా మీద వంగిన ఆమె చెయ్యి వెనక్కి విరిచాడు. గింజల మధ్య దాచిన గాజు గొట్టం అతని చొక్కా మీదే పగిలింది. పీపాలో చుక్క పడలేదు. నెమలి చేతులకి బేడీలు పడ్డాయి. గద్ద గేటు దాటుతుంటే మాత్రం కాపలా కుక్కలన్నీ గొలుసులు తెంచుకుని అతని మీద పడ్డాయి.

క్షేమంగా తిరిగొచ్చిన తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, మాకిచ్చే డియోడరెంట్ ఎవడు చేస్తాడో గానీ శుద్ధ దండగ! వాసనే లేదు!"

గద్ద కిటికీలోంచి చూశాడు. వీధి కుక్కలన్నీ ఇంకా అతని గుమ్మం ముందే కూర్చున్నాయి.