ఎడమ పక్క కిటికీ

"తల దించప్పా. ఇంకా. గడ్డం రొమ్ముకు తగలాల."

ఏసన్న దించాడు. రెండేళ్లుగా కిటికీలోంచి చూస్తున్న మనిషి ఇప్పుడు వీపు వెనకే నిలబడి ఉంది. తల తిప్పితే కనబడుతుంది. తిప్పే వీలు లేదు.

ఆమె పేరు రూతమ్మ. రోజూ తొమ్మిదింటికి ఆదోని బస్సులో ఎమ్మిగనూరు దిగి, ఏసన్న మగ్గం పక్క సందులో నడిచి, ఈ డాక్టరు దగ్గరికి నర్సు పనికి వస్తుంది. ఏసన్న ఒక్కనాడూ పలకరించలేదు. పిరికివాడికి కిటికీ చాలు.

"నొప్పి ఎన్నాళ్ల నుంచి?"

"రెండేండ్లాయ."

"నేనూ నీ నొప్పీ ఒకేపారి వచ్చినాం ఈ ఊరికి." ఆమె నవ్వింది. "ఏమప్పా, మెడ ఎర్రబడె?"

"స్పిరిట్టు మంట."

"ఇంకా పూయనే లేదు."

డాక్టరు బెంగుళూరు నుంచి తెప్పించిన సాగే ప్లాస్టరు అది. 1984లో ఆ ఊరికి కొత్త. రూతమ్మ దాన్ని రెండు కాళ్లుగా చీల్చి, లేచిపోకుండా మూలలు గుండ్రంగా కత్తిరించి, మెడకు రెండు పక్కలా అతికించింది.

"ఇది మందు కాదు. మెడ పక్కకు తిరిగినప్పుడల్లా లాగి గుర్తు చేస్తాది, అంతే. మూన్నాళ్లకు రా."

మూడుసార్లు వేసినా తగ్గకపోతే మగ్గం మానుకోవాలని డాక్టరు ముందే చెప్పాడు. ఏసన్నకు ఇంకో పని రాదు. మగ్గం పోతే కిటికీ కూడా పోతుంది.

మూన్నాళ్లకు పోయేసరికి పట్టీ కుడి కాలు ఊడి వేలాడుతోంది. ఎడమది చెక్కు చెదరలేదు. మళ్లీ వేసింది. మళ్లీ అదే.

"ఇంగ ఒకటే పట్టీ నీకు. కుడిదే ఊడుతాదంటే మెడ ఎడమకే తిరుగుతాంది. ఎడం పక్క ఏం సూస్తాండావప్పా?"

"పోగులు."

"పోగులు ఎదురుగా గదా ఉండేది?"

ఆ సాయంత్రం రూతమ్మ మూడో పట్టీ తీసుకుని ఏసన్న ఇంటికే వచ్చింది. ఏసన్న తల్లి సువార్తమ్మ మంచినీళ్లిచ్చింది. రూతమ్మ మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని చూసింది. ఎదురుగా బట్ట. ఎడమ పక్క కిటికీ. కిటికీలో తాను రోజూ నడిచే సందు.

"పొద్దున తొమ్మిదికి ఒక పోగు తప్పుతాదమ్మా," అంది సువార్తమ్మ. "సాయంత్రం ఐదుకు ఇంకోటి. పోయిన నెల మాత్రం ఒక వారం పాటు ఒక్కటీ తప్పలేదు. ఎందుకో యేసయ్యకే తెలియాల."

ఆ వారమే రూతమ్మ తన అక్క పెండ్లికి సెలవు పెట్టింది. ఆమె గుంతలోంచి లేచి ఏసన్నకు పట్టీ వేసింది.

"రేపటి నుంచి ఈ సందులో రాను. మెడ బాగవుతాది."

ఏసన్న పట్టీ తడుముకుంటూ కూర్చున్నాడు. ఆమె వెళ్లిపోయింది. అడగాల్సినప్పుడు అడగనివాడిమీద జాలి దండగ.

పది రోజులు గడిచాయి. పట్టీ లేవలేదు. నొప్పి పోయింది. బట్టలో ఒక్క పోగూ తప్పలేదు. సువార్తమ్మ ప్రార్థన చేయించింది. ఏసన్న మాత్రం రోజూ తొమ్మిదికి మగ్గం ఆపి కూర్చున్నాడు.

పదకొండో రోజు ఆసుపత్రి వాకిట్లో నిలబడ్డాడు.

"నొప్పి పోయె నర్సమ్మా."

"మంచిదే గదా?"

"మంచిది కాదు." ఊపిరి పీల్చుకున్నాడు. "ఆ నొప్పే బాగుండె."

రూతమ్మ కత్తెర కింద పెట్టింది. "రెండేండ్లు పట్టిందా ఈ ముక్క సెప్పనీకి?"

"మెడ తిరిగింది గానీ నోరు తిరగలేదు."

"ఆదివారం ప్రార్థన కాంగానే మా నాయనను తోలుకొస్తా. మీయమ్మకు సెప్పు."

ఆదివారం ఆదోని నుంచి రూతమ్మ తండ్రి ఇస్సాకు వచ్చాడు. పత్తి జిన్నింగు మిల్లు మేస్త్రీ. ఏసన్నను పైనుంచి కిందికి చూశాడు.

"తాగుతాడా?"

"లేదన్నా," అంది సువార్తమ్మ.

"మెడ నిలబడిందా?"

"నిలబడింది నాయనా. నేనే నిలబెట్టినా," అంది రూతమ్మ.

ఇస్సాకు పాయసం గిన్నె ఖాళీ చేశాడు. "పిల్లనిచ్చే ఇంట్లో ఒక గిన్నె సాలదు," అని ఇంకోటి అడిగాడు. సువార్తమ్మ కళ్లు తుడుచుకుంది.

రూతమ్మ మూలనున్న రాట్నం తెచ్చి, మగ్గానికి సరిగ్గా ఎదురుగా పెట్టి కూర్చుంది.

"నేనీడుంటే మెడ తిప్పే పని లేదు గదా?"

"మెడకు పని లేదు," అన్నాడు ఏసన్న. "పోగు మాత్రం తప్పుతాది."