నిండు పియాలా

తెల్లవారగానే వాకిలి ఊడవడం మా మర్గిలాన్‌లో కొత్త కోడలి పని. ఎంత శుభ్రంగా ఊడ్చిందన్న దానికంటే చీపురు చప్పుడు పక్కింటికి వినపడిందా లేదా అన్నదే ముఖ్యం. సబోహత్ రిసోలత్ ఇంటికి కోడలిగా వచ్చి ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో ఒక్కరోజు కూడా ఆ చప్పుడు తప్పలేదు.

ఆ రోజు మాత్రం చీపురు మధ్యలో ఆగింది. ద్రాక్షపందిరి దాటాక, వాకిలి చివరనున్న మరుగుదొడ్డి గోడ వెంట చీమలు బారులు తీరాయి. సబోహత్ ఇంటివైపు ఒకసారి చూసింది. ఇంకా ఎవరూ లేవలేదు. గబగబా బకెట్ నీళ్లు తెచ్చి గోడ కడిగేసింది. నిన్నా కడిగింది, మొన్నా కడిగింది.

ఆ చీమలు ఎందుకొస్తాయో ఆమెకు తెలుసు. పుట్టింటి ఊరు రిష్తాన్‌లో ఆమె తండ్రి హమ్రోకుల్ మట్టిపళ్లేలకు నీలం రంగు వేసేవాడు. ముందు ఆయనకు దాహం పట్టుకుంది. తర్వాత మూత్రం పడ్డ చోటికి చీమలొచ్చాయి. ఆ తర్వాత అరికాల్లో నొప్పి తెలియని పుండు లేచింది. పాదం పోయింది, మోకాలి దాకా పోయింది, చివరికి మనిషే పోయాడు. ఏడాది తిరిగాక పెళ్లి మాటలకు వచ్చినవాళ్లు అడిగితే తల్లి తడుముకోకుండా, "గుండె ఆగిపోయిందమ్మా" అంది.

"గుండె అంటే ఎవరూ జడవరు. చక్కెర జబ్బు అంటే మాత్రం రక్తంలో వస్తుందని పారిపోతారు. ఆ మాట నీతోపాటు అత్తారింటికి మోసుకెళ్లకు," అని కూతురికి గట్టిగా చెప్పి పంపింది.

సబోహత్ ఆ మాటను మోసుకెళ్లలేదు. తండ్రి రక్తం చూసుకున్న చిన్న యంత్రాన్ని మాత్రం పట్టుబట్టల మధ్య పెట్టి తెచ్చుకుంది. నెలకోసారి గది తలుపేసుకుని తన వేలే గుచ్చుకునేది. అంకె ఆరు లోపే ఉండేది; మా వైపు లెక్కలో ఆరు దాటితే జబ్బు. ఆ నెలకు ఊపిరి పీల్చుకునేది, మర్నాటి నుంచి మళ్లీ భయం మొదలు.

పొద్దుటి టీకి అందరూ పందిరి కింద అరుగు మీద చేరారు. అత్తగారు రిసోలత్ బాలీసుకు ఆనుకుని కూర్చుంది. యాభై ఆరేళ్ల మనిషి, గొంతెత్తితే మూడు వాకిళ్లకు వినిపిస్తుంది. కొడుకు ఓదిల్ మర్గిలాన్ నుంచి ఫెర్గానాకు వ్యాన్ నడుపుతాడు. కూతురు దిల్రబో పెళ్లికి ఇంకా పంతొమ్మిది రోజులే ఉన్నాయి.

టీ పోసేది కోడలే. ఎంత తక్కువ పోస్తే అంత మర్యాద. పియాలా అనే పిడి లేని టీ గిన్నె అడుగున రెండు గుక్కలు పోస్తే, 'మీరు ఉండండి, నేను మళ్లీ మళ్లీ లేచి పోస్తాను' అన్నట్టు. అంచుదాకా పోస్తే, 'తాగి వెళ్లిరండి' అన్నట్టు. అలా పోసిన ఇంటికి ఆత్మాభిమానం ఉన్నవాడు మళ్లీ రాడు.

"ఏమ్మా సబోహత్, ఇంకా ఉందా? నాలుక అట్టముక్కలా ఉంది," అంది రిసోలత్.

"ఉందత్తయ్యా," అని రెండు గుక్కలు పోసింది సబోహత్. అది పదకొండోసారి.

"అమ్మా, నువ్విలా తాగితే నా పెళ్లినాటికి ఊరి కాలవ ఎండిపోతుంది," అంది దిల్రబో.

"ఆగస్టు ఎండలు కదే. ఎడ్లు కూడా తెగ తాగుతున్నాయి," అన్నాడు ఓదిల్.

"అంటే నేను ఎద్దునట్రా? సంబడం! ఇంతకాలం ఈ ఎద్దు దున్నబట్టే కదా నువ్వు తిన్నావు!"

అందరూ నవ్వారు. సబోహత్ పెదాలు కదిపింది కానీ నవ్వు రాలేదు. తన పెళ్లినాడు బిగువుగా ఉన్న అత్తగారి గౌను ఇప్పుడు భుజాల మీద నుంచి జారుతోంది.

"కళ్లు తిరుగుతున్నాయే దిలా, ఆ పటికబెల్లం ఇలా తే," అంది రిసోలత్.

కళ్లు తిరిగినా, కడుపు నొప్పయినా, మనసు బాగోలేకపోయినా మా ఊళ్లో పటికబెల్లమే మందు. దిల్రబో ఒక పెద్ద పలుకు తెచ్చి టీలో వేసింది. అది కరుగుతుంటే సబోహత్‌కు తన తండ్రి పియాలా గుర్తొచ్చింది. చెబితే ఎలా తెలుసని అడుగుతారు. అడిగితే తన గుట్టు బయటపడుతుంది. చెప్పకపోతే ఈ మనిషి కూడా అదే దారిన పోతుంది. ఏడు నెలల కోడలికి ఇంతకంటే పెద్ద చిక్కు ఏముంటుంది?

సోమవారం రిసోలత్ తందూరులో రొట్టెలు కాల్చింది. పెళ్లి పిలుపులకు పంచే రొట్టె ఇంకొకరి చేత కాల్పించడం ఆవిడకు నచ్చదు. సబోహత్ పిండి ముద్దలు అందిస్తోంది. ఉన్నట్టుండి తోలు కమిలిన వాసన వచ్చింది. తందూరు నోట్లోంచి జారిన నిప్పుకణిక అత్తగారి చెప్పులో పడి పాదం కింద నలుగుతోంది. ఆవిడ మాత్రం రొట్టె మీద నువ్వులు చల్లుతూ కూనిరాగం తీస్తోంది.

"అత్తయ్యా, కాలు! కాలు తీయండి!"

చెప్పు లాగేసరికి అరికాల్లో నాణెమంత మేర చర్మం తెల్లగా ఉడికి ఉంది. రిసోలత్ కాసేపు దాన్ని ఎవరి పాదాన్నో చూసినట్టు చూసింది.

"ముప్పై ఏళ్లుగా తందూరు దగ్గర నిలబడ్డ కాళ్లమ్మా ఇవి. తోలు మొద్దుబారింది, అంతే."

"ఆసుపత్రికి వెళ్దాం అత్తయ్యా. వేలి మీంచి ఒక్క చుక్క తీస్తారు..."

రిసోలత్ చటుక్కున తలెత్తింది. ఆవిడ కళ్లలో కనిపించింది కోపం కాదు, భయం. ఆవిడకూ అనుమానం ఉందని సబోహత్‌కు అప్పుడే అర్థమైంది.

"ఈ ఊళ్లో తొమ్మిదింటికి నా వేలి మీంచి చుక్క పడితే, పదింటికి అది కాబోయే వియ్యపురాలు మస్తూర చెవిలో పడుతుంది. నిశ్చయానికి రొట్టె విరిచిన రోజున ఆవిడేం అడిగిందో మరిచిపోయావా? 'మీ వంశంలో రోగాలేం లేవు కదా వదినగారూ' అంది. ఇదివరకో సంబంధం అందుకే వదులుకున్నారట. ఈ కొద్ది రోజులు ఓపిక పట్టు. దాని పెళ్లయ్యాక నన్ను కోసి చూసుకోండి. ఓదిల్‌కి చెప్పావో, నీ సంగతి చూస్తాను!"

సబోహత్ చెప్పలేదు. మూడు రోజులు గుడ్డ కట్టి కట్టి విప్పింది. నాలుగో రోజుకి గుడ్డ వాసన వేసింది.

ఆ నాలుగో రోజే, గురువారం, పెళ్లికొడుకు తల్లి మస్తూర తన అక్కను వెంటబెట్టుకుని పరుపుల కొలతలకు వచ్చింది. పందిరి కింద ఖర్బూజా ముక్కలు, బాదం, ఎండు మల్బరీలు, తెల్లటి హల్వా పరిచారు. రిసోలత్ నవ్వుతూ మాట్లాడుతోంది కానీ పెదాలు పళ్లకు అతుక్కుపోతున్నాయి. రెండు గుక్కలు పోస్తే ఒక్క క్షణంలో ఖాళీ. మళ్లీ చాపడానికి సిగ్గుపడి ఒట్టి పియాలానే నోటి దగ్గర పెట్టుకుని తాగుతున్నట్టు నటిస్తోంది.

సబోహత్ అది చూడలేకపోయింది. వంగి, అత్తగారి చేతిలోంచి పియాలా తీసుకుని పోస్తూ పోయింది. అంచు దాకా వచ్చాక గాని ఆమెకు తెలివి రాలేదు.

మస్తూర ఆ పియాలా వైపు, తన అక్క వైపు చూసింది.

"ఓహో! మీ కోడలు మీ ఇంట్లో మిమ్మల్నే లేచి వెళ్లమంటోందే వదినగారూ! మా దిల్రబోకి ఈ మర్యాదలు నేర్పలేదు కదా?" అని మస్తూర కిసుక్కున నవ్వింది.

రిసోలత్ కూడా నవ్వింది. నవ్వుతూనే ఆ నిండు పియాలా చివరిదాకా తాగేసింది. అవమానం ఒక పక్క, దాహం ఒక పక్క. దాహమే గెలిచింది.

వాళ్లు గుమ్మం దాటి వెళ్లాక, ఓదిల్, దిల్రబో చూస్తుండగానే రిసోలత్ విరుచుకుపడింది.

"నలుగురిలో నా పరువు తీస్తావా? ఏడు నెలలు అన్నం పెట్టినందుకా?"

"మీ దాహం చూడలేకపోయానత్తయ్యా."

"నా దాహం లెక్కలు నీకెందుకే?"

"పోసేదాన్ని నేనే కదా అత్తయ్యా. నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? నిన్న నలభై పియాలాలు. ఇది ఎండ కాదు, చక్కెర జబ్బు. ఆ కాలు ఇలాగే వదిలేస్తే పోతుంది."

"నోర్ముయ్! నువ్వేమైనా డాక్టరువా? నీకెలా తెలుసు?"

ఆ ప్రశ్న రానే వచ్చింది. సబోహత్ ఓదిల్ వైపు ఒక్కసారి చూసి తలవంచుకుంది.

"మా నాన్న గుండె ఆగి పోలేదత్తయ్యా. ఇదే జబ్బుతో పోయాడు. కాలు తీసేసిన రోజున ఆసుపత్రిలో నేనే ఉన్నాను. మా అమ్మ అబద్ధం చెప్పింది, నేనూ దాచాను."

ఓదిల్ ఏదో అనబోయి తల్లి ముఖం చూసి ఆగిపోయాడు. రిసోలత్ టీ కెటిల్ తన దగ్గరికి లాక్కుంది. ఏడు నెలల్లో ఆవిడ దాన్ని తాకడం అదే మొదటిసారి. కోడలి పియాలా తీసుకుని పోసింది. నిండింది, అంచు దాటింది, కింద పరిచిన గుడ్డంతా తడిసింది. దాన్ని సబోహత్ ముందుకు తోసింది.

"అమ్మా!" అన్నాడు ఓదిల్.

"నువ్వూరుకో. రేపు పుట్టే నీ పిల్లలు ఏ రక్తంతో పుడతారో ఆలోచించావా? మోసం చేసి తెచ్చిన పిల్ల నా ఇంట్లో ఉండదు."

సబోహత్ ఆ టీ తాగింది. లోపలికి వెళ్లి యంత్రం తెచ్చి తడిసిన గుడ్డ పక్కన పెట్టింది.

"దిలా, ఇది ఎలా వాడాలో చూడు. ఇంట్లోనే, ఎవరికీ తెలియదు. ఆరు దాటితే మాత్రం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. అత్తయ్యా, నా మీద కోపంతోనైనా వెళ్లండి."

ఆ సాయంత్రం రిష్తాన్ వ్యాన్ ఎక్కి పుట్టింటికి వెళ్లిపోయింది. ఓదిల్ ఆమెను ఆపలేదు. అతను చెడ్డవాడు కాదు, తల్లి ముందు నోరు లేనివాడు. అలాంటివాళ్లు మా ఊళ్లో ఇంటికొకడుంటాడు.

ఆదివారం పొద్దున రిసోలత్ పరుపు మీంచి లేవలేదు. రాత్రంతా వాంతులు, పిలిస్తే పలకడం లేదు. దిల్రబో వదిన ఇచ్చిన యంత్రంతో తల్లి వేలు గుచ్చింది. అంకె ఇరవై ఆరు.

మర్నాడు మధ్యాహ్నానికి ఓదిల్ రిష్తాన్‌లో అత్తవారి గుమ్మం ముందు నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

"అమ్మ ఆసుపత్రిలో ఉంది. రెండు కాలివేళ్లు తీసేశారు. ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో మాకెవరికీ తెలియడం లేదు సబోహత్."

"తెలిసినదాన్ని గెంటేశారుగా!" అంది సబోహత్ తల్లి. "చేతులు కాలాక ఆకుల కోసం వచ్చావా నాయనా? వెళ్లకే. అడుక్కుని తిన్నా నీకు ఇక్కడే మేలు."

"పగ తీర్చుకోవడానికి అక్కడ మనిషి మిగలాలి కదమ్మా," అని సబోహత్ తలగుడ్డ కట్టుకుంది.

నాలుగు రోజులు ఆమె అత్తగారికి సేవ చేసింది. సూది వేసే వేళలు, కట్టు మార్చే వేళలు, చప్పటి గోధుమ జావ. రిసోలత్ మాట్లాడలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. కోడలు నోటికందిస్తే తినేది, కళ్లు మాత్రం తెరిచేది కాదు.

ఐదో రోజు పగలు దిల్రబో చేతిలో గుడ్డమూటతో వచ్చింది. మంచం మీద పెట్టి విప్పింది. లోపల ఎండిపోయిన సగం రొట్టె. నిశ్చయం నాడు రెండు ఇళ్లవాళ్లు విరిచి చెరో సగం దాచుకున్న రొట్టె అది. పెళ్లిరోజున రెండూ కలపాలి. మస్తూర తన సగాన్ని అక్కచేత వెనక్కి పంపేసింది.

"ఏమందే?" అంది రిసోలత్. ఐదు రోజుల్లో అదే మొదటి మాట.

"పిల్ల మీద ఏం కోపం లేదందమ్మా." దిల్రబో గుడ్డ అంచు మడిచింది. "రేపు పుట్టే మనవల రక్తం చూసుకోవాలి కదా అంది."

రిసోలత్ ఆ రొట్టెముక్కను చేతిలోకి తీసుకుంది. ఆ మాట ఆవిడకు కొత్తది కాదు. వారం కిందట తన నోట్లోంచి వచ్చిన మాటే తిరిగొచ్చింది. కిటికీ దగ్గర నిలబడి కట్టుగుడ్డ మడత పెడుతున్న కోడలిని చూసింది. తన కూతురికి ఇవాళ ఎక్కడ తగిలిందో, ఆ పిల్లకు తాను సరిగ్గా అక్కడే కొట్టింది. ఆ పిల్ల తల్లి చేసిన తప్పేమిటి? కూతురి కోసం దాచింది. తానూ దాచింది, కాలు కుళ్లినా దాచింది. రిసోలత్ ముఖం కప్పుకుని బిగ్గరగా ఏడ్చింది. పక్క మంచాల వాళ్లు తిరిగి చూసినా ఆపుకోలేదు.

దిల్రబో తల్లి కాళ్ల దగ్గర కూర్చుని, కాసేపటికి తన వేలు చాపింది. "వదినా, నాకూ చూడు. ఏదైతే అదవుతుంది, ఇక దాచేదేం లేదు."

సబోహత్ యంత్రం తీసింది. అంకె వచ్చేదాకా ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. ఐదు. ఎవరికీ సంతోషం రాలేదు. ఈసారికి ఐదు, అంతే.

"అమ్మాయ్, కిటికీలోని ఆ టీ కెటిల్ ఇలా తే," అంది రిసోలత్ కళ్లు తుడుచుకుని.

"మీకు దాహంగా ఉందా అత్తయ్యా? నేను పోస్తాను."

"నాకు కాదు. ఇలా కూర్చో."

సబోహత్ మంచం అంచున కూర్చుంది. రిసోలత్ రెండు చేతుల్తో కెటిల్ ఎత్తింది. సూదులు పొడిచి పొడిచి చేతులు కమిలి ఉన్నాయి. అయినా చాలా జాగ్రత్తగా వంచింది. పియాలా అడుగున రెండు గుక్కలు పడగానే ఆపేసింది. కుడిచేత్తో అందించి, మర్యాదగా ఎడమచెయ్యి గుండె మీద పెట్టుకుంది.

సబోహత్ ఆ రెండు గుక్కలను చూస్తూ ఉండిపోయింది.

"తాగమ్మా," అంది రిసోలత్. "అయిపోతే మళ్లీ పోస్తాను."

సబోహత్ తాగింది. ఖాళీ పియాలాను అత్తగారి వైపు చాపింది.